గోడ మీది ఎలుక, జపాను గిన్నె

మా ఇంటికి జపాను వచ్చిందన్న వార్త నాకు మొదట తెచ్చింది మాకు పాలు పోసే చెల్లె. చొప్పదండిలో మా వాడకు పాలూ వార్తలూ ఆమె క్యానులోనే వస్తాయి. పాలు పలచబడ్డ రోజున వార్త చిక్కగా ఉంటుందని మా ఆయన అంటాడు. ఆ రోజు పాలలోంచి గిన్నె అడుగు కనిపించింది.

“అక్కా, గిన్నె అవతల పెట్టు. మీ పొల్లకు శివమొచ్చింది,” అంది.

మావైపు పూనకాన్ని అలా అంటాం. నాకు చేతిలోని గిన్నె జారినంత పనైంది.

“ఎవలు చెప్పిండ్రు?”

“ఎవలో చెప్పుడేంది, నా కండ్లతోని చూసిన. మిద్దె మీద రెండు చేతులు ఎనుకకు పెట్టి ఉరుకుతున్నది. ఉరికి ఉరికి టక్కున ఆగి, ఏళ్ళు గిట్ల మెలికేసి, ఏందో బాసల ఒర్రుతున్నది. శివరాత్రికి ఏటా వేములవాడ రాజన్న కాడికి పోతనే ఉంట, శివసత్తులు ఊగంగ మస్తు చూసిన. గిసొంటి ఊగుడు మాత్రం చూడలే. వచ్చినాయన ఎవలోగని, జర పెద్దాయనే.”

దేవుడు మా మిద్దె మీదికి వస్తే కాదనేదాన్ని కాను. పొద్దున్నే దీపం పెట్టి, వచ్చిపొమ్మని నేనే కదా రోజూ పిలుస్తున్నాను. కాని పదో తరగతి పరీక్షల ముందు వస్తాడనుకోలేదు. పసుపు నీళ్ళ చెంబు, వేపమండ పట్టుకొని మెట్లెక్కాను. పాలచెల్లె నా వెనకే వచ్చింది.

పైన, ఎన్నో ఏళ్ళకు ఆలస్యంగా పుట్టిన నా బిడ్డ నీళ్ళ ట్యాంకు దగ్గర నుంచి బట్టల తీగ దాకా ఉరుకుతోంది. చేతులు నిజంగానే వెనక్కి, కొంగ రెక్కల్లా ఉన్నాయి. తీగ దగ్గర ఆగి, వేళ్ళు ముడివేసి, మా ఆయన లుంగీ వైపు చూసి గట్టిగా ఏదో అరిచింది. లుంగీకి ఏమీ కాలేదు. నేను వేపమండ ముంచి పిల్ల మీద నీళ్ళు చల్లే లోపల పాలచెల్లె దాని కాళ్ళ మీద పడిపోయింది.

“తల్లీ, మా బర్రె ఈసారన్న కడుతదా?”

పిల్ల చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, ముఖం మీది పసుపు నీళ్ళు తుడుచుకొని, మమ్మల్ని ఎగాదిగా చూసింది.

“నాకేమెరుక చిన్నమ్మా? పశువుల దవాఖానకు తోలుకపో.”

పాలచెల్లె రెండు చేతులూ జోడించి, అదే మహాప్రసాదమన్నట్టు కిందికి దిగిపోయింది. ఆ రోజే బర్రెను దవాఖానకు తోలుకుపోయింది. డాక్టరు సూది ఇచ్చాడట, తర్వాత బర్రె చూలు కట్టింది. ఆ సంగతి తెలిసిన నాటినుంచి మాకు చిక్కటి పాలు వస్తున్నాయి. అది శివం కాదు, జపాను బొమ్మల ఆట అని నేను ఎన్నిసార్లు చెప్పినా ఆమె ఒప్పుకోదు. “దేవుడు ఏ బాసలనన్న చెప్తడక్కా,” అంటుంది. పాలకు మాత్రం కృతజ్ఞురాలిని.

“మమ్మీ, దీన్ని అనిమే అంటరు,” అని పిల్ల నన్ను కూర్చోబెట్టి ఫోనులో చూపించింది. “అండ్ల అందరు గిట్లనే ఉరుకుతరు.”

“చేతులు ఎనుకకు ఎందుకే?”

“గాలి అడ్డం రాకుంట.”

“మీ తాత బొగ్గుబాయిల పనిచేసినన్ని దినాలు షిఫ్టుకు ఆలస్యమైతే చేతులు ఊపుకుంటనే ఉరికిండు. ఒక్కనాడు గాలి అడ్డం రాలే.”

ఇలా మొదలైంది. మా ఇంట్లో టీవీ ఒక్కటి, మతాలు మూడు.

మొదటి మతం మా బాపుది. అవ్వ, అంటే మా అమ్మ, పోయాక బెల్లంపల్లి నుంచి నా దగ్గరికి వచ్చేశాడు. ఆయనకు పాతకాలపు చేత్తో గీసిన బొమ్మలు కావాలి. పిల్లి మేడ మీది నుంచి పడితే నేలలో పిల్లి ఆకారంలోనే గుంత పడాలి. నెత్తిన సుత్తి పడితే బొప్పి లేవాలి, బొప్పి చుట్టూ పిట్టలు తిరగాలి. కొండ అంచు దాటి పరిగెత్తినవాడు కిందికి చూసేదాకా పడకూడదు. “చూసినంకనే పడుతడు చూడు బిడ్డా. నమ్మకం అంటే గదే,” అంటాడు బాపు. ప్రవచనాల్లో కూడా నమ్మకం గురించి ఇంత సులువుగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

రెండో మతం మా ఆయనది. విత్తనాల దుకాణం కట్టేసి వచ్చాక కొత్తరకం కంప్యూటర్ బొమ్మలు పెడతాడు. అందులో అందరూ అప్పుడే పాకంలోంచి తీసిన గులాబ్‌జామూన్లలా మెరుస్తుంటారు. పులి వస్తే దాని ఒంటిమీది వెంట్రుకలు గాలికి వేటికవి కదులుతాయి. అంత కష్టపడి వెంట్రుకలు చేసినవాళ్ళు పులికి కోపం ఎందుకొచ్చిందో చెప్పడం మరిచిపోతారు. మా ఆయనకు ఆ ఫికర్ లేదు. పులి గాండ్రించేసరికి గురక మొదలవుతుంది. ఛానెల్ మారిస్తే మాత్రం లేస్తాడు. “చూస్తున్న గదా,” అంటాడు.

మూడోది పిల్లది. జపాను బొమ్మలకు కళ్ళు సాసర్లంత, ముక్కు నువ్వుగింజంత. జుట్టు ఒకరికి ఊదా, ఒకరికి పచ్చ. తల దువ్వి జడ వేసే తల్లి ఒక్కరికీ ఉన్నట్టు కనిపించదు. కత్తి పట్టుకొని ఒకడు ఎగిరాడంటే దిగడు. గాలిలోనే వాడికి చిన్నతనం గుర్తొస్తుంది, వాళ్ళమ్మ గుర్తొస్తుంది, వాన పడుతుంది. నేను బియ్యం ఏరి, కడిగి, పొయ్యి మీద పెట్టి వచ్చినా వాడు గాలిలోనే ఉంటాడు.

“ఇంక దిగలేదానే?”

“మమ్మీ, ఆయన బాధ పడుతుండు!”

“దిగి పడొచ్చు గదా బిడ్డా. కాళ్ళు నొస్తయి.”

బాపు మంచం మీది నుంచి అందుకునేవాడు. “మా పిల్లి గీపాటికి పది మెట్లు దొర్లి, గోడకు గుద్దుకొని, లేసి, బట్టలు దులుపుకుంటుండె.”

“మీ పిల్లికి ఫీలింగ్స్ లేవు తాతా!”

“ఎందుకు లేవు? తోక మీద ఇస్త్రీపెట్టె పడ్డప్పుడు దాని మొకం చూసినవా?”

న్యాయంగా చెప్పాలంటే, పిల్ల పక్కన కూర్చుని చూడగా చూడగా ఆ బొమ్మల్లో నాకూ కొన్ని నచ్చాయి. కిటికీ అద్దం మీద వానచుక్క మెల్లగా జారుతుంటే, ఇంకో చుక్క వచ్చి కలుస్తుంది. అంతే, ఇంకేమీ జరగదు. అది చూస్తూ చీపురు పట్టుకొని అలాగే నిలబడిపోయాను. అన్నం మీది ఆవిరిని కూడా ఎంతో భక్తిగా గీస్తారు. తినబోయే ముందు రెండు చేతులూ జోడించి ఏదో అంటారు.

“ఏమంటున్నరే?”

“తినేముందు దండం పెట్టుకుంటున్నరు మమ్మీ.”

ఆ మాటతో నా మనసు సగం జపానువైపు ఒరిగింది. కాని మరుక్షణమే ఆ దండం పెట్టినవాడే గిన్నె రెండు చేతులా ఎత్తి, మూతికి ఆనించి, పక్కవాడలోకి వినబడేట్టు జుర్రున జుర్రాడు. ఒరిగిన సగం వెనక్కి వచ్చేసింది. అన్నం ముందు చప్పుడు చేయకూడదనీ, పాత్ర ఎత్తి మూతికి పెట్టుకుంటే అన్నలక్ష్మి అలుగుతుందనీ నాకు చిన్నప్పుడే నేర్పారు. నేర్పింది బాపే.

బాపు నాకు నేర్పింది అదొక్కటే కాదు. అవ్వకు దమ్ము, అంటే ఆయాసపు జబ్బు, ఉండేది. పెద్దపిల్లను కాబట్టి పొయ్యి దగ్గరా తమ్ముడి దగ్గరా నేను ఉండాలి. అందుకని బడికి పోలేదు. పోలేదని బాధా లేదు, ఎందుకంటే బడే నా దగ్గరికి వచ్చింది. బాపు షిఫ్టు దిగి, స్నానం చేసి, చాయ్ తాగి, పొయ్యి దగ్గరి బొగ్గులో మెత్తటి ముక్క ఏరుకొని క్వార్టరు గోడ ముందు కూర్చునేవాడు. సున్నం వేసిన తెల్లగోడ మా పలక. ఒక్కో అక్షరం పక్కన ఒక్కో బొమ్మ. ‘ఎ’ పక్కన ఎలుకను గీసిన రోజు నేను ఆ ఎలుకను విడిచిపెట్టలేదట. ఇంకోటి గీయమన్నాను, ఇంకోటి. బాపు విసుక్కోకుండా గోడ పొడుగునా గీసుకుంటూ పోయాడు. ఒకదాంట్లో ముందుకాళ్ళు చాచింది, దాని పక్కదాంట్లో ముడిచింది, ఆ పక్కదాంట్లో తోక లేపింది.

“బాపూ, గిది ఉరుకుతలేదు,” అన్నాను.

“అది ఎందుకు ఉరుకుతది? గోడ మీద ఉన్నది. నువ్వు ఉరుకు.”

గోడ మీది నుంచి చూపు తిప్పకుండా ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికాను. ఎలుక నాతోపాటు ఉరికింది. నిజంగా, నాలుగు కాళ్ళతో, తోక ఆడిస్తూ ఉరికింది. ఆ సంతోషంలో గోడకు మూల ఉంటుందన్న సంగతి మరిచి నుదురు కొట్టుకున్నాను. బొప్పి లేచింది, పిట్టలు మాత్రం తిరగలేదు. మరునాడు బాపు ఆ ఎలుకల వెనకాల ఒక పిల్లిని గీశాడు. దాని నుదుటి మీద కూడా బొప్పి పెట్టాడు, నాకు తోడుగా.

ఏటా దసరాకు గోడకు సున్నం వేసేవాళ్ళం. అప్పుడు మా బడి మొత్తం చెరిగిపోయేది. బాపు మళ్ళీ ‘అ’ నుంచి మొదలుపెట్టేవాడు. అందుకే ఎవరైనా నీకేం వచ్చమ్మా అని అడిగితే, అక్షరాలు మాత్రం గట్టిగా వచ్చని చెబుతాను.

తర్వాత మా క్వార్టర్ల వరసలో ఒకరింట్లో టీవీ వచ్చింది. ఆదివారం పొద్దున వాళ్ళు కిటికీ తెరిచిపెడితే వాడంతా బయట నిలబడి చూసేది. పిల్లల వెనక బాపు నిలబడ్డాడు. ఏదో దేశపు ఎలుక తెర మీద పరిగెత్తింది. బాపు నుదురు కొట్టుకొని, “అరె, గీళ్ళ గోడనే ఉరుకుతున్నది! మనం ఉరికే పని లేదు!” అన్నాడు. ఆ నవ్వు నాకు ఇంకా చెవుల్లో ఉంది.

అలాంటి బాపు నవ్వడం తగ్గించాడు. కొన్నేళ్ళుగా ఆయన చేతులు వణుకుతున్నాయి. మందులు వాడితే తగ్గింది కాని పోలేదు. ఒక పెండ్లిలో బంతిలో కూర్చుని తింటుంటే పప్పుచారు బుక్క పక్కాయన తెల్లచొక్కా మీద పడింది. ఆయన మంచివాడే, ఒక్క మాట అనలేదు. తన ఇస్తారిని మాత్రం జానెడు అవతలికి జరుపుకున్నాడు. బాపు ఆ జానెడును మరిచిపోలేకపోయాడు. అప్పటి నుంచి పదిమందిలో తినలేదు. ఇంట్లో కూడా వెనక గదిలో, తలుపు దగ్గరికి వేసుకొని, గోడవైపు తిరిగి కూర్చుని తినేవాడు. చెంచా ఇచ్చి చూశాను. అది పళ్ళెం మీద గజ్జెల్లా మోగింది. ఆ చప్పుడు విని ఆయనే దాన్ని పక్కన పెట్టేశాడు.

నాకు అక్షరాలు చూపించిన మనిషి నా ఇంట్లో గోడవైపు తిరిగి తినడం నేను తట్టుకోలేకపోయాను. రాజన్నకు మొక్కుకున్నాను. “మా బాపు పదిమందిలో కూసొని ఒక్కపూట కడుపునిండ తింటే నీకు కోడెను కడత తండ్రీ.” కోడె మొక్కంటే వేములవాడ గుడి చుట్టూ కోడెను తిప్పి, తెచ్చి కట్టేయడం.

ఆ మొక్కు మొక్కిన కొన్నాళ్ళకే మా తమ్ముడు వచ్చాడు. వాడి మనుమడికి వేములవాడలో పుట్టు వెంట్రుకలు తీయిస్తున్నారు. అక్కడే చుట్టాలందరికీ అన్నాలు.

“బాపూ, నువ్వు రావాలె,” అన్నాడు.

“నాకు గంత దూరం బండిల కూసునే ఓపిక లేదురా.”

“పిల్లికి, ఎలుకకు పొద్దుందాక కూసుంటవట గదనే? అక్క చెప్పింది.”

బాపు నావైపు చూశాడు. నేను అల్లం పొట్టు తీస్తున్నట్టు తల వంచుకున్నాను.

“అది పండుకొని చూస్త,” అన్నాడు బాపు.

తమ్ముడు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. “అక్కా, ఎట్లనన్న చెయ్యి. మన ఇండ్ల పెద్దమనిషి మొదటి బుక్క పెట్టుకోకుంట బంతి ఎట్ల సాగుతది? చుట్టాలు ఇస్తార్ల ముంగట చేతులు కట్టుకొని కూసుంటరా?” వాడి బాధ బంతి గురించి. నా బాధ బాపు గురించి. ఇద్దరి మొక్కూ ఒకే చోట ఆగింది.

దారి పిల్ల వల్ల దొరికింది. వేములవాడ పోతున్నామని తెలిసి అది ఫోనులో చిన్న బొమ్మల సినిమా చేయడం మొదలుపెట్టింది. కోడె గుడి చుట్టూ తిరగాలి. ఒక్కో కాగితం మీద ఒక్కో బొమ్మ గీసి, ఫోటో తీసి, ఒక యాప్‌లో కలుపుతోంది. కోడెను గీసి మా అందరికీ చూపించింది. కోడెకు సాసరు కళ్ళు, రెప్పల మీద పొడుగు వెంట్రుకలు, నుదుటి మీద ఒక జుట్టుపాయ, కంట్లో నీటి చుక్క.

బాపు కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

“గిది కోడెనా, అత్తారింటికి పోతున్న పెండ్లిపిల్లనా?”

“కోడెనే తాతా. ఫీల్ అవుతుంది.”

“ఏమని?”

“నన్ను ఎందుకు కట్టేస్తున్నరని.”

“ఓ పొల్లా, కోడె గట్ల సోంచాయించదు. మెడల తాడు వడంగనే తాడు పట్టుకున్నోన్ని గుంజుకపోతది. ఆ మెడ చూడు, కొంగ మెడ లెక్క. మూపురం ఏది? ఇటు తే.”

ఎన్నాళ్ళ తర్వాతో బాపు పెన్సిలు పట్టుకున్నాడు. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. చేయి వణికింది. మూపురం గీత వంకరలు పోయింది. బాపు పెన్సిలు కింద పెట్టబోతుంటే పిల్ల పట్టించుకోకుండా ఇంకో కాగితం తోసింది. “ఇప్పుడు ఎడమకాలు లేపాలె తాతా.” గీశాడు. ఇంకోటి తోసింది. కాలు దించాడు. నా బిడ్డ ఓపికను చూసి దేవుడికి దండం పెట్టుకున్నాను. ఓపిక మా ఇంట్లో ఒక తరం దాటి దిగినట్టుంది.

కాగితాలన్నీ ఫోటో తీసి కలిపి పిల్ల ఫోను నొక్కింది. కోడె నడిచింది. ఒట్టి నడక కాదు. గీతలు ఒకదాంట్లో ఇటు, ఒకదాంట్లో అటు వణికినందువల్ల కోడె ఒళ్ళంతా సన్నగా అదురుతోంది. ఈగ వాలితే చర్మం అదిరినట్టు, ఊపిరి పీలుస్తున్నట్టు ఉంది. పక్కనే పిల్ల గీసిన కోడె కూడా నడిచింది, నున్నగా, స్టిక్కరు జరిగినట్టు.

“తాతా! నీ కోడెకు పానమున్నది!” అని పిల్ల అరిచింది. “చేతుల గీసిన పాత బొమ్మలు గిట్లనే అదురుతయి. కంప్యూటర్ల గీత నున్నగ వస్తది కదా, అందుకే యాప్‌ల గీత వణికేటందుకు ఒక బటన్ పెట్టిండ్రు. నీకు బటన్ అక్కర్లేదు!”

బాపు తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. “గీ వణుకుడు కోసం బటన్ పెట్టిండ్రా?” అన్నాడు. తర్వాత నవ్వాడు. కిటికీ ముందు నిలబడినప్పటి నవ్వే. మా ఆయన పులి ముందు నిద్రలోంచి లేచి, “ఏమైంది? ఛానెల్ మార్చిండ్రా?” అన్నాడు.

ఆ ఊపులోనే అన్నం వేళ పిల్ల తాత పళ్ళెం తీసి పక్కన పెట్టి, లోతు గిన్నెలో అన్నం, పప్పుచారు కలిపి మెత్తగా చేసి ఆయన రెండు చేతుల్లో పెట్టింది. “మూతికి ఆనిచ్చి జుర్రు తాతా. జపానోళ్ళు రాజులసొంటోళ్ళు సుత గిట్లనే తింటరు.”

“మీ అమ్మకు గట్ల తినొద్దని నేనే చెప్పిన.”

“అమ్మ పూజల ఉన్నది.”

నేను నిజంగానే పూజలో ఉన్నాను. కళ్ళు మూసుకొని ఉండగా వెనక గదిలోంచి జుర్రుమని చప్పుడు వచ్చింది. హారతి అక్కడే పెట్టి, తిట్లు సిద్ధం చేసుకొని వెళ్ళాను. తలుపు తీసి ఉంది. బాపు గోడవైపు కాదు, వాకిలివైపు తిరిగి కూర్చున్నాడు. గిన్నె ఖాళీ. చొక్కా మీద ఒక్క మరక లేదు. రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుంటే వణుకు గిన్నెలోనే తిరిగి చల్లారిపోతోంది. నేను తెచ్చుకున్న తిట్లను అలాగే వెనక్కి తీసుకుపోయి హారతి ముగించాను. అన్నలక్ష్మి అలిగితే నేను సర్దిచెప్పుకుంటాను, తల్లే కదా.

“బండిల కూసుంట తియ్,” అన్నాడు బాపు ఆ సాయంత్రం.

కోరిక తీరకముందే కోడెను కడతానని నేనన్నాను. “రాజన్నకు అడ్వాన్సు ఇస్తవా?” అన్నాడు మా ఆయన. ఇస్తానన్నాను. ఇంకా అడగవలసినవి చాలా ఉన్నాయి, మొహమాటం పెట్టడం మంచిదే.

వేములవాడలో కోడె బాపు చెప్పినట్టే చేసింది. తాడు నా చేతిలో ఉంది, నేను కోడె చేతిలో ఉన్నాను. ప్రదక్షిణం అది చేసింది, నేను వెనకాల ఈడ్చుకుపోయాను. పిల్ల పక్కన ఉరుకుతూ, సినిమా కోసం గీసిన కాగితం ఒకటి కోడె మొహం పక్కన పెట్టి పోల్చి చూడబోయింది. కోడె ఆ కాగితాన్ని అందుకొని నమిలేసింది. పోయింది పిల్ల గీసిన పెండ్లిపిల్ల కోడె. “మన కోడెకు నచ్చినట్టుంది,” అన్నాడు మా ఆయన. “నచ్చకనే తిన్నది,” అన్నాడు బాపు. చేతులు వెనక్కి పెట్టి పిల్ల ఉరుకుతుంటే, జాతరకు వచ్చిన ఒక పెద్దావిడ పక్కకు జరిగి దండం పెట్టింది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

తర్వాత అన్నాల వేళ అయింది. ఇస్తార్లు వేశారు. పెద్దకొసన బాపు కూర్చున్నాడు. అన్నం వడ్డించారు, పప్పుచారు బకెట్ వచ్చింది. నేను పిల్లవైపు చూశాను, పిల్ల సంచీలోకి చూసింది. లోతు గిన్నె లేదు. తువాలు చుట్టి జాగ్రత్తగా మా ఇంటి కిటికీలో పెట్టి, అక్కడే విడిచిపెట్టి వచ్చింది.

తమ్ముడు వెంటనే ఒక ఆకుదొప్ప తెచ్చి, అన్నం పప్పుచారు పోసి అందించాడు. బాపు చేతుల్లో దొప్ప ఒక పక్కకు నలిగి, చారు ముంజేతి మీదుగా కారింది. బంతి అంతా చేతులు ఒళ్ళో పెట్టుకొని చూస్తోంది. మొదటి బుక్క పడలేదు. గుండు చేయించుకున్న పసివాడు ఏడుస్తున్నాడు. బాపు దొప్పను మెల్లగా ఇస్తారిలో పెట్టి, లేవడానికి చేయి నేల మీద ఆనించాడు. ఆ జానెడు దూరం మళ్ళీ అందరి మధ్యా పరుచుకున్నట్టు అనిపించింది.

అప్పుడు వంటపొయ్యిల వైపు నుంచి ఒకామె వచ్చింది. వంటకు పిలిపించిన మనిషి, చుట్టం కాదు. ఎవరినీ ఏమీ అడగలేదు. కొంగుతో తుడుచుకుంటూ ఒక స్టీలు గిన్నె పట్టుకొచ్చింది. అంచు దగ్గర చిన్న సొట్ట ఉన్న మందపాటి గిన్నె. అందులో అన్నం వేసి, చారు పోసి, చేత్తో మెత్తగా కలిపి, బాపు రెండు అరచేతుల్లో పెట్టింది.

“తాగు తాతా. వేడి లేదు,” అంది. అని వెళ్ళిపోయింది.

బాపు పిల్లవైపు చూశాడు. పిల్ల రెండు చేతులూ జోడించి తల వంచింది, జపాను వాళ్ళ లాగా. బాపు గిన్నె పట్టుకున్న చేతులనే నుదుటికి తాకించి, మూతికి ఆనించి, బంతి ఈ కొస నుంచి ఆ కొసకు వినబడేట్టు జుర్రాడు.

ఎదుటి వరసలో కూర్చున్న బాపు పాత దోస్తు, బాయిలో కలిసి పనిచేసిన మనిషి, గొంతు సవరించుకున్నాడు.

“ఏమోయ్, గదేం తినుడు?”

“జపాన్ తినుడు,” అన్నాడు బాపు, మీసం తుడుచుకుంటూ. “నా మనుమరాలు నేర్పింది.”

“మంచిగుంటదా?”

“పండ్లు లేనోనికి మస్తుంటది. నీకు ఎన్నున్నయి?”

ఆయన నవ్వితే ఎన్నున్నాయో అందరికీ తెలిసింది. “ఓ పిల్లగా, నాకు సుత ఒక దొప్ప తే!” అన్నాడు మా తమ్ముణ్ణి, వాడు తాతయిన సంగతి మరిచి. ఆయన పక్కాయన కూడా అడిగాడు. తమ్ముడు దొప్పలు పంచలేక పరేషాన్ అయిపోయాడు. కొద్దిసేపటికి పెద్దకొసన ముసలివాళ్ళంతా జుర్రుతున్నారు. రాజన్న చెవిలో పడే ఉంటుంది ఆ చప్పుడు. మొక్కు ముట్టిందని నేను అక్కడే లెంపలు వేసుకున్నాను. బాపు మూడుసార్లు మారు వడ్డించుకున్నాడు.

చేత్తో గీసిన బొమ్మ మంచిదా, కంప్యూటర్‌ది మంచిదా, జపానుదా అని ఇప్పటికీ మా ఇంట్లో తగవు తీరలేదు. నా తీర్పు అడిగితే నేను అందరికీ దండమే పెడతాను. వణికే గీతలు గీసి, మా బాపు చేతికి ముందే తోడు పంపిన ఆ పాతకాలపు వాళ్ళకు. గిన్నె ఎత్తి తినే మనిషిని సిగ్గుపడకుండా గీసిన ఆ జపాను వాళ్ళకు. మా ఆయనకు నిద్ర ఇస్తున్న పులికి కూడా.

కాని ఒకరికి పెట్టవలసిన దండం మిగిలిపోయింది. అన్నాలు అయ్యాక గిన్నె కడిగి ఇవ్వడానికి పొయ్యిల దగ్గరికి వెళ్ళాను. ఆమె చేతిసంచీలో ఆ గిన్నె పట్టేంత జాగా ఖాళీగా ఉంది. తాను తినడానికి ఇంటి నుంచి తెచ్చుకున్న గిన్నె అది. తాను ఓ పక్కన కూర్చుని నలిగిన ఇస్తారి ముక్కలో తింటోంది. గిన్నె చాస్తే ఎడమచేత్తో వెనక్కి తోసింది. “ఉండనియ్యక్కా. తాత చేతికి మంచిగ కుదిరింది. ఇండ్ల నాకు ఇంకోటున్నది,” అంది. నేను ఇంకేదో చెప్పబోతుంటే ఎవరో చారు బకెట్ కోసం పిలిచారు, లేచి వెళ్ళింది. పేరు అడగలేకపోయాను.

బాపు ఇప్పుడు మా అందరితో, ముందరి గదిలో, బొమ్మల ముందు కూర్చుని ఆ సొట్ట గిన్నెలోనే తింటున్నాడు. మీరు అన్నం ముందు కూర్చుని కళ్ళు మూసుకునేవారైతే, ఏ దేవుడికి మొక్కేవారైనా సరే, ఆ వంటామెను ఒక్కసారి తలుచుకోండి. పేరు లేకపోయినా ఫరవాలేదు. స్టీలు గిన్నె ఆమె అంటే రాజన్నకు తెలుస్తుంది.